ఫ్రేము వెనక మూడు రూపాయల బాకీ



పోయిన సీతాఫలాల కాలంలో మా తమ్ముడు వనపర్తిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఖురాన్‌ఖానీ అయింది, దావత్ అయింది, చుట్టాలందరూ గది గది తిరిగి చూసి మాషాఅల్లాహ్ అన్నారు. హాల్లో సోఫా వెనక గోడ మీద ఎనిమిది చెక్క ఫ్రేములు వేలాడుతున్నాయి. అక్కడక్కడ రంగు ఊడిపోయి, అంచులు అరిగిపోయి, ఏ నవాబుల జమానావో అన్నట్టున్నాయి. లోపల ఏమీ లేదు. ఒక్కదాంట్లో మాత్రం ఎండిన గడ్డిపూలు.

"ఇవెక్కడివి దుల్హన్?" అని మా తమ్ముడి భార్యను అడిగాను.

"ఆన్‌లైన్‌లో తెప్పించాం ఆపా. రస్టిక్ అంటారు వీటిని. సెట్టు మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు" అంది సంబరంగా.

దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమాను. చెక్క కొత్తదే. రంగు వేసి, ఆ రంగునే గరుకు కాగితంతో గీకారు. పురుగు తొలిచినట్టు కనబడాలని సన్న మేకుతో చిల్లులు కూడా పొడిచారు. హునర్ ఉన్నవాడే చేశాడు, కాదనను. కొత్త చెక్కకు ముసలితనం తెప్పించడం కూడా ఒక పనే.

అదే వారంలో గద్వాలలో అమ్మీ ఇంటికి సున్నం వేయిస్తున్నారు. సజ్జ మీద సామానంతా దింపారు. రాగి దేగ్చీలు, విరిగిన పాన్‌దాన్, అబ్బా రేడియో, వాటితోపాటు పదకొండు ఫ్రేములు. ఇదే తమ్ముడు ఫోన్ చేసి, "ఆపా, కబాడీవాడొస్తాడు, నీకేమైనా కావాలంటే చెప్పు, లేకపోతే తూకానికి వేసేస్తాం" అన్నాడు.

ఒకటే ఖాందాన్, ఒకటే వారం. నిజంగా ముసలైపోయిన టేకు చెక్కను కిలోల లెక్కన అమ్ముతున్నాం. ముసలి వేషం వేసిన చెక్కను వేలు పోసి కొంటున్నాం. నా తమ్ముణ్ణి, దుల్హన్‌నీ ఎత్తిపొడవడానికి రాయడం లేదిది. మనలో ఎక్కువమంది ఇళ్ళలో ఇదే నడుస్తోంది. అందుకే కాస్త సాఫ్‌గా మాట్లాడుకుందామని.

మన ఇళ్ళలో ఇన్ని ఖాళీ ఫ్రేములు ఎక్కడి నుంచి వచ్చాయి? నా బచ్‌పన్‌లో గద్వాల ఇంటి దివాన్‌ఖానాలో ఒక గోడ మొత్తం ఫ్రేములే. మధ్యలో ఆయతుల్ కుర్సీ తుగ్రా. దానికి అటూ ఇటూ మక్కా, మదీనా తస్వీర్లు. కింద వరసలో తాలూకా కచేరీలో చప్రాసీగా పనిచేసిన మా దాదా నలుపు తెలుపు ఫోటో, అబ్బా హెచ్‌ఎస్‌సీ సర్టిఫికెట్, అమ్మీ అబ్బాల నికాహ్ రోజు చదివిన సెహ్రా. సెహ్రా అంటే ఇప్పటి పిల్లలు పూల ముసుగు ఒక్కటే అనుకుంటారు. షాదీలో దూల్హా మీద షాయిరీ రాయించి, గులాబీ కాగితం మీద అచ్చు వేయించి, చదివి వినిపించి, ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి ఇచ్చేవాళ్ళు. దోస్తులిచ్చే తోఫా అది.

తర్వాత ఒక్కొక్కటే గోడ దిగాయి. తొంభైల్లో మా చాచా సౌదీ నుంచి వచ్చి, నమాజ్ చదివే ఇంట్లో మనుషుల తస్వీర్లు ఏమిటని అన్నారు. దాదా ఫోటో టిన్ను పెట్టెలోకి, ఫ్రేము సజ్జ మీదికి పోయాయి. ఆ మసలాలోకి నేను వెళ్ళను, అది ఉలేమా చెప్పాల్సిన మాట. కానీ ఫ్రేము ఏ మసలాకూ సంబంధం లేని చెక్క కదా, అది కూడా పైకెక్కి కూచుంది. ఆ తర్వాత సెహ్రా దిగింది. ఉర్దూ చదివేవాళ్ళు తగ్గిపోయారు, చదవలేనిది గోడకెందుకని. చివరికి పాత తుగ్రాలు కూడా దిగి, కరెంటు పెడితే వెలిగే ప్లాస్టిక్ తుగ్రాలు వచ్చాయి.

ఆ ఫ్రేములు కట్టింది గద్వాల బజారులో ఒక దుకాణం. నేను ఏడెనిమిదేళ్ళ పిల్లగా అబ్బా వేలు పట్టుకుని వెళ్ళేదాన్ని. దుకాణం గోడకు మక్కా తస్వీర్ పక్కనే తిరుపతి వెంకన్న, ఆ పక్కన జములమ్మ, ఆ కింద ఎవరి పెళ్ళి ఫోటోనో. అన్నింటికీ అదే పట్టీ, అదే అద్దం, అవే చేతులు. దసరాకు ముందు హిందువుల గిరాకీ, రమజాన్‌కు ముందు మన గిరాకీ. మూలలు కలిసే చోట నలభై అయిదు డిగ్రీల కోత కోసి, రెండు ముక్కలు ఆనించి చూసి, సందు లేదని తేలాకే మేకు కొట్టేవారాయన. అద్దం మీద కోత గీత గీసి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కున విరిగేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ యాద్.

సరే, కబాడీవాణ్ణి ఆపమని చెప్పి నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల వెళ్ళాను. పదకొండు ఫ్రేముల్ని రజాయీలో చుట్టి తమ్ముడి కారులో వేసుకుని ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన చూసి, "కబాడీ దుకాణం పెడుతున్నావా?" అన్నారు. పెట్టలేదు గానీ నెల రోజులు మా వరండా అలాగే ఉంది.

ఏడో ఫ్రేము విప్పుతుంటే జరిగిందిది. వెనక మైదా జిగురుతో అంటించిన ఖాకీ కాగితం, దాని కింద పండ్ల డబ్బా నుంచి తీసిన పల్చటి చెక్క, దాని కింద మెత్తగా ఉండటానికి మడిచి పెట్టిన సియాసత్ అఖ్బార్ పేజీ. 1949లో మొదలైన ఆ అఖ్బార్ ఇప్పటికీ హైదరాబాద్ నుంచి వస్తూనే ఉంది. ఆ చెక్క లోపలి వైపున పెన్సిల్‌తో ఉర్దూలో నాలుగు లైన్లు రాసున్నాయి. నేను తెలుగు మీడియం దాన్ని. ఖురాన్ నాజిరా చదువుతాను, అచ్చు ఉర్దూ కూడబలుక్కుని చదువుతాను. చేతిరాత నా వల్ల కాదు. నుక్తాలు లేకుండా పరుగెత్తే రాత అది.

ఫోటో తీసి అమ్మీకి పంపాను. మోతియా ఆపరేషన్ అయిన కళ్ళతో అమ్మీ ఫోన్‌లో పెద్దది చేసుకుని, ఒక్కో హర్ఫ్ పట్టుకుని చదివారు. పైన మా దాదా పేరు. కింద ఫ్రేము, అద్దం, మజ్దూరీ కలిపి ఏడు రూపాయలు. వసూల్ నాలుగు. బాకీ మూడు. చివర తారీఖు, 1963.

"అమ్మీ, దాదా బాకీ పెట్టి పోయారా?" అన్నాను.

"చుప్ బేటీ. మీ దాదా ఒకరి పైసా ఉంచుకునే మనిషి కాదు. తర్వాత ఇచ్చేసే ఉంటారు. ఫ్రేము లోపల పెన్సిల్ రాత తుడవడానికి మళ్ళీ మేకులు పీకుతారా ఎవరైనా?" అన్నారు అమ్మీ. అన్నారు గానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదట. తెల్లవారి ఫజర్ తర్వాత తానే ఫోన్ చేశారు. "పోయినవాళ్ళ మీద ఖర్జ్ ఉండకూడదు. కనుక్కో" అన్నారు.

మా మొహల్లా పేష్ ఇమామ్ సాబ్‌ను అడిగాను. ఇచ్చారో లేదో షక్ ఉన్నప్పుడు వారిసులు దొరికితే వాళ్ళకిచ్చి మాఫీ అడగండి, దొరక్కపోతే వాళ్ళ పేరు మీద సదఖా చేయండి, మనసు సాఫ్ అవుతుంది అన్నారు. గద్వాల వెళ్ళాను. దుకాణం అదే చోట ఉంది. ఇప్పుడు అక్కడ ఫ్లెక్సీలు, మొబైల్ కవర్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు. మనవడు నడుపుతున్నాడు, ముప్పై ఏళ్ళుంటాయేమో. సంగతి చెప్పి మూడు రూపాయలకు బదులు మూడు వందలు చేతిలో పెట్టబోయాను. పకపకా నవ్వాడు. "అరవై ఏళ్ళ కిందటి బాకీకి నేను పైసలు తీసుకుంటే మా దాదా కలలోకి వచ్చి కొడతాడు అమ్మా. మాఫ్, మాఫ్" అన్నాడు.

ఫోన్‌లో ఆ చెక్క ఫోటో చూపించాను. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూశాడు. తర్వాత, "ఇది మా దాదా చేతిరాతా?" అని అడిగాడు. వాళ్ళింట్లో ఆయన చేతిరాత ఒక్క ముక్క కూడా లేదట. ఖాతా పుస్తకాలు చెదలు తిన్నాయి. మిగిలినవి ఉర్దూ ఎవరికీ రాదని రద్దీకి పోయాయి. "ఆ చెక్క ఇస్తారా?" అన్నాడు. వారం తిరిగేలోపు తీసుకెళ్ళి ఇచ్చాను. మూడు రూపాయల బాకీ అలా తీరింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. పాత ఫ్రేములు పారెయ్యకండి, వాడుకోండి. అద్దంగా, తాళాల కొక్కేలుగా, గోడ అందానికి, ఎలాగైనా వాడుకోండి. అది సాదగీ, అది షుకర్. కానీ వాడుకునే ముందు విప్పి చదవండి. వెనక ఏముందో చూడకుండా, ఎవరిదో అడగకుండా చెక్కను గీకి రంగేస్తే గోడకు అందం వస్తుంది, ఇంటికి యాద్‌దాష్త్ పోతుంది. కబాడీకి వెయ్యడానికీ దీనికీ ఫరక్ ఏముంది? మన ఇళ్ళలో ఇది ఇంకా నాజూకు సంగతి, ఎందుకంటే మన పెద్దలు రాసింది ఒక లిపిలో, మన పిల్లలు చదివేది ఇంకో లిపిలో. నిజాం హయాంలో కచేరీ, కోర్టు, బడి అన్నీ ఉర్దూలో నడిచిన ఇలాఖా మనది. సంతకం నుంచి సనద్ దాకా అందులోనే. నేడు మన పిల్లలు తెలుగులో, ఇంగ్లీషులో చదువుతున్నారు, చదవాలి కూడా. కానీ చదవగలిగిన చివరి మనిషి ఇంట్లో ఉన్నప్పుడే ఆ కాగితాలు చదివించుకోవాలి. మా అమ్మీకి డెబ్బై తొమ్మిది. పదేళ్ళ తర్వాత ఆ చెక్క దొరికి ఉంటే, పెన్సిల్ గీతలని గరుకు కాగితంతో రుద్దేసి ఉండేదాన్ని.

నేను పాటించిన తర్తీబ్ చెప్తాను. ఇంతకన్నా మంచిది మీకు తెలిస్తే అదే చెయ్యండి.

ముందు ఫ్రేమును ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ ముందు పెట్టి అడగండి. ఎవరిది, ఎప్పటిది, ఏ గదిలో ఉండేది. ఫోన్‌లో వాళ్ళ మాట రికార్డు చెయ్యండి. ముందూ వెనకా ఫోటో తియ్యండి. ఈ పని నిమిషాల్లో అవుతుంది గానీ దీన్నే మనం వాయిదా వేస్తాం.

విప్పేటప్పుడు అద్దం మీద గుణకారం గుర్తులా రెండు టేపు పట్టీలు అంటించండి, పగిలినా ముక్కలు చెదరవు. పాత అద్దం పల్చగా ఉంటుంది, చేతులకు మందపాటి బట్ట చుట్టుకోండి. వెనక మేకుల్ని సుత్తితో కాక పట్టకారుతో మెల్లగా లాగండి. ఫోటో గానీ కాగితం గానీ అద్దానికి అతుక్కుపోయి ఉంటే ఖుదా కోసం లాగకండి. చెమ్మకు ఫోటో మీది పూత అద్దానికి పట్టేస్తుంది. లాగితే మొహం అద్దం మీద ఉండిపోతుంది, కాగితం చేతిలోకి వస్తుంది. మా దాదీమా ఫోటో అలాగే పోయింది, ఆ తప్పు నాదే. అద్దంతోనే ఉంచి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అసలుదాన్ని అలాగే దాచండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, తర్వాత విడదీయడం కుదరదు.

అల్లాహ్ పేరున్న కాగితం, ఆయతులున్న తుగ్రా చిరిగి పాడైపోయి ఉంటే దాన్ని కత్తిరించి అలంకారం చెయ్యొద్దు. మస్జిద్‌లో అప్పగించండి, లేదా పెద్దలు చేసినట్టు కాళ్ళు పడని పాక్ జాగాలో దఫన్ చెయ్యండి. బాగున్న తుగ్రా అయితే అదే ఫ్రేములో కొత్త అద్దం వేసి మళ్ళీ గోడకెక్కించండి. వెలిగే ప్లాస్టిక్ తుగ్రా కన్నా ఖుష్‌నవీస్ చేతిరాతను అచ్చువేసిన ఆ పాత కాగితమే నా కళ్ళకు చల్లగా ఉంటుంది.

ఇక చెక్క. మట్టి గీతలు కనిపిస్తే చెదలు. సన్న చిల్లుల్లోంచి పిండిలా రాలుతుంటే తొలిచే పురుగు. అలాంటి ఫ్రేమును మంచి ఫ్రేముల దగ్గర, తలుపుల దగ్గర పెట్టకండి, విడిగా ఉంచి మందు వేయించండి. ఎక్కువ తిన్నదైతే వదిలెయ్యండి, అన్నీ బతకవు. పాత రంగు విషయంలో భద్రం. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న రూల్స్ మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమలయ్యాయి. అంతకు ముందటి రంగుల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది. తడిపి రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనీ దగ్గరికి రానివ్వకండి. రంగు లేని టేకు అయితే తడిగుడ్డతో తుడిచి, ఆరాక అవిసె నూనె పల్చగా పట్టిస్తే చాలు, లోపలి తేనె రంగు బయటికొస్తుంది. అయితే అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకునే ఖత్రా ఉంది. పరిచి ఆరబెట్టి తర్వాత పారెయ్యండి.

లోపల ఏం పెట్టాలి? ఎండిన గడ్డిపూలు అక్కర్లేదు, మన గద్వాలలోనే ఉంది జవాబు. గద్వాల చీర సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒళ్ళు నూలు, అంచూ పల్లూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలిపెట్టి కలుపుతారు, దాన్నే కుట్టు అంటారు. ముప్పై, నలభై ఏళ్ళు కట్టిన చీరలో ముందు చిరిగేది నూలు. అంచు, పల్లు నిలబడతాయి. ఆ అంచుల్ని మన ఆడవాళ్ళు పాత జరీ కొనేవాళ్ళకు వేస్తారు. వాళ్ళు కాల్చి వెండి తీసుకుంటారు. నేత మొత్తం బూడిద. అమ్మీ నికాహ్ చీర అంచును జానెడు పొడవు కత్తిరించి, దాదా ఫ్రేములో, తెల్లటి నూలు గుడ్డ మీద చిన్న కుట్లతో నిలబెట్టాను. జిగురు వెయ్యలేదు, జిగురు పట్టును తినేస్తుంది. ఎండ తగలని గోడకు పెట్టాను. మనిషి తస్వీర్ లేదు, ఏ మసలా లేదు. అమ్మీ వచ్చి చూసి ఏమీ అనలేదు. దుపట్టా కొసతో అద్దం తుడిచి వెళ్ళి కూచున్నారు.

ఇంకో రెండు ఫ్రేములకు అద్దం వేయించి వుజూ చేసే చోటు పక్కన ఒకటి, తలుపు పక్కన ఒకటి పెట్టాను. పొడుగాటి దానికి ఇత్తడి కొక్కేలు బిగిస్తే తాళాలు, తస్బీహ్‌లు వేలాడదీయడానికి పనికొచ్చింది. అన్నిటికన్నా నాకు నచ్చింది నాలుగోది. అద్దం వెనక తెల్ల కాగితం పెట్టాను. దాని మీద మార్కర్‌తో రాసి గుడ్డతో తుడవొచ్చు. మన దాదాలు చెక్క తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఆరాక ఖలంతో అలిఫ్, బే దిద్దేవాళ్ళు. నిండాక కడిగి మళ్ళీ పూసేవాళ్ళు. ఇది ఆ తఖ్తీకి మనవరాలు అనుకోండి. మా పిల్లలు పై వరసలో అ ఆ, కింది వరసలో అలిఫ్ బే రాస్తున్నారు. నేనూ వాళ్ళతోపాటే చేతిరాత నేర్చుకుంటున్నాను.

మూలలు కదిలిన వాటిని నేను బిగించలేదు. బజారులో వడ్రంగిని పిలిచి, బేరం ఆడకుండా ఇచ్చాను. కొత్త అద్దం కోయించినందుకూ ఇచ్చాను. ఆన్‌లైన్ సెట్టుకు పోసిన నాలుగు వేల ఎనిమిది వందల్లో సగం కూడా కాలేదు. ఆ సగం మన ఊరి చేతుల్లోనే తిరిగింది.

దీనికి ఎదురు మాటలు వస్తాయని నాకు తెలుసు, ఇప్పటికే విన్నాను కూడా.

కంజూస్‌తనం అన్నారు మా ఆడపడుచు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తన చెప్పులు తానే కుట్టుకునేవారని, బట్టలకు తానే అతుకులు వేసుకునేవారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మస్జిద్‌లో విని సుబ్‌హానల్లాహ్ అంటాం, ఇంటికొచ్చి అతుకు వేసిన వస్తువు కనిపిస్తే సిగ్గుపడతాం. ఇస్రాఫ్ మనా అని దీన్ చెప్పింది అన్నం మెతుకుల గురించి మాత్రమేనా? చెక్క కూడా ఒక చెట్టు ప్రాణం.

పాత అద్దం, ఖాళీ ఫ్రేము మన్‌హూస్ అన్నవాళ్ళూ ఉన్నారు. నహూసత్‌ను వస్తువులకు అంటగట్టడం మన అఖీదా కాదు. ఆ ఒక్క మాట చాలు.

మూడో మాట బరువైనది. మా ఇంట్లో పనిచేసే ఆమె అంది, "మీకు దాచుకోవడానికి సజ్జ ఉంది మేడమ్, మాకు కిరాయి ఇల్లు మారినప్పుడల్లా సగం సామాను అక్కడే పోతుంది" అని. నిజమే. ఫ్రేములు, సనద్‌లు, సెహ్రాలు అందరి ఇళ్ళలో ఉండవు. రేకుల ఇంట్లో డబ్బా మూతను దీపానికి గోడగా, చిరిగిన చీరను బొంతగా మార్చుకున్నవాళ్ళు ఈ హునర్‌కు అసలు ఉస్తాదులు, వాళ్ళు దీనికి ఏ ఇంగ్లీషు పేరూ పెట్టలేదు. అందుకే ఇది ఫ్యాషన్‌గా చెయ్యకండి అంటున్నాను. ఫ్యాషన్ అయితే వచ్చే ఏడు మారిపోతుంది. అప్పుడు ఇవే ఫ్రేములు మళ్ళీ కబాడీకి పోతాయి.

ఫ్యాషన్ ఏం చేస్తుందో తమిళనాడు కారైక్కుడి బజారులో చూడొచ్చు. చెట్టియార్ల పాత హవేలీల నుంచి వచ్చిన తలుపులు, స్తంభాలు, ఫ్రేములు అక్కడి దుకాణాల్లో అమ్ముతారు. కుటుంబాల ఫోటోలు కూడా ఫ్రేములతో సహా అమ్మకానికి ఉంటాయి. కొనేవాళ్ళకు ఆ ముత్తాత ఎవరో తెలియదు, అక్కర్లేదు కూడా. ఫ్రేము నచ్చితే ముత్తాత ఉచితం. మన దాదాలు ఎవరి హోటల్ గోడ మీదో అలా వేలాడాలా?

మన ఇలాఖాకు పాతదాన్ని ఇజ్జత్‌తో వాడుకోవడం తెలుసు. గద్వాల కోట లోపలే మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ నడిచింది, రాజులు నడిచిన చోట మన పిల్లలు బీఏ, బీఎస్సీ చదివారు. వనపర్తి రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ కాలేజీ అయింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు పైకి వస్తాయని తెలిసినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో తెలిస్తేనే కదా మళ్ళీ అదే గుడి అయ్యేది. లేకపోతే అది రాళ్ళ కుప్ప. 2016 అక్టోబర్ 11న మన మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. బోర్డులు మారాయి, కచేరీలు మారాయి. కచేరీ మారితే పాత కాగితం ఎక్కడ పోతుందో ఎవరికీ పట్టదు. ఇంట్లో ఉన్నదైనా మనం చూసుకోవద్దా?

దుల్హన్ సంగతి చెప్పి ముగిస్తాను, లేకపోతే ఆమెను ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టినట్టవుతుంది. పోయిన ఇతవారం నాగర్‌కర్నూల్ వచ్చింది. అమ్మీ చీర అంచు ముందు నిలబడి, "ఆపా, ఇంకో ఫ్రేము ఉందా?" అని అడిగింది. మా అమ్మ సెహ్రా కాగితం ఒకటి మా మైకేలో బీరువాలో ఉంది, ఎవరికీ చదవడం రాక అలాగే పెట్టాం అంది. ఆ సెహ్రా వచ్చే నెల అమ్మీ ముందుకు వస్తుంది. చదివించి, ఫోన్‌లో రికార్డు చేసి, కింద తెలుగులో రాసి, వెనక చెక్క మీద తారీఖు వేసి వనపర్తి గోడకు పెట్టాలని అనుకున్నాం. ఆ ఎనిమిది కొత్త ఫ్రేములు కూడా పారెయ్యొద్దన్నాను. అవీ చెక్కే. వాటిలో పెట్టడానికి ఏదో ఒకటి ఆ ఇంట్లో జరుగుతుంది ఇన్షాఅల్లాహ్.

రమజాన్‌కు ముందు మీ ఇళ్ళలో సఫాయి మొదలవుతుంది. సజ్జ మీద సామాను దించుతారు. కబాడీవాణ్ణి పిలిచే ముందు ప్రతి ఫ్రేమునూ ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. చదవగలిగిన పెద్దలు ఇంట్లో ఉంటే ఆ రోజే చదివించండి. ఎవరిదైనా బాకీ కనిపిస్తే తీర్చండి.

అల్లాహ్ మన పెద్దల ఖబర్లను నూర్‌తో నింపుగాక. ఆమీన్.

అల్లాహ్ హాఫిజ్.